మావాడు సబ్బులు కాస్తున్నాడు, ఆపమంటారా?

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. తిత్లీ తుఫానులో పోయినవి పోగా మిగిలిన కొబ్బరిచెట్లే మాకు ఆధారం. మా గుంటడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. వీడియోలు చూసి పెరట్లో సబ్బులు చేస్తున్నాడు. మొదటిసారి అరకిలో కొబ్బరినూనెకి 90 గ్రాముల కాస్టిక్ సోడా వేశాడు. బాగానే వచ్చాయి, చుట్టాలకి పంచాం. రెండోసారి సగం కొబ్బరినూనె, సగం నువ్వులనూనె పోసి చేశాడు. అవి వాడితే మా అత్తగారికి చేతులు మండిపోయాయి. ఒక సత్తుగిన్నె కూడా పాడుచేశాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, సబ్బుల వ్యాపారం పెడతానంటున్నాడు. వాళ్ల నాన్నేమో ఆ సోడా డబ్బా విసిరి పారేస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ డబ్బా విసరనివ్వకండి. తడి నేల మీద పడిందంటే ఇంకో గొడవ. మూత గట్టిగా బిగించి, మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, చిన్నపిల్లలకు అందని అటక మీద పెట్టించండి. తెల్లటి పలుకులు, చూడ్డానికి కల్లుప్పులా ఉంటాయి. వంటింట్లో మాత్రం ఉండకూడదు.

ఇక మీ అత్తగారి చేతుల సంగతి. అది మీరు రాసిన లెక్కలోనే ఉంది. ఒక్కో నూనె సబ్బుగా మారడానికి ఒక్కో కొలత సోడా తాగుతుంది. 100 గ్రాముల కొబ్బరినూనెకి సుమారు 18.3 గ్రాములు కావాలి. అదే నువ్వులనూనెకి 13.4 గ్రాములు చాలు. మొదటిసారి అరకిలో కొబ్బరినూనెకి 91.5 గ్రాములు పట్టేది, మీవాడు 90 వేశాడు కాబట్టి గండం గడిచింది. రెండోసారి 250 గ్రాముల కొబ్బరినూనెకి 45.75, 250 గ్రాముల నువ్వులనూనెకి 33.5, కలిపితే 79 చిల్లర. అతను పాత అలవాటు చొప్పున అదే 90 వేసినట్టున్నాడు. మిగిలిపోయిన ఆ 11 గ్రాములే ఆవిడ చేతుల్ని కాల్చాయి.

అసలు సరిగ్గా లెక్కకు సరిపడా కూడా వేయరు. 5 శాతం తగ్గించి వేస్తారు. కొంచెం నూనె సబ్బులో మిగిలితే చర్మానికి హాయి, తూకంలో పొరపాటు జరిగినా కాపు. ఈ లెక్కన రెండో విడతకి 75 గ్రాములు చాలేది. ఇంకోమాట, కొబ్బరినూనె ఒక్కదానితో చేసిన సబ్బు నురగ బాగా ఇస్తుంది కానీ ఒంటిని పొడిబారుస్తుంది. కాబట్టి నువ్వులనూనె కలపాలన్న అతని ఆలోచన మంచిదే. లెక్క మార్చలేదు, అంతే.

జాగ్రత్తలు అతనికి చదివి వినిపించండి. నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఎగదన్నుతుంది. కలిపిన నీళ్లు పొయ్యి లేకుండానే 80 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, ఆవిరి గొంతు పట్టేస్తుంది. అందుకే గాలి ఆడే వసారాలో, రబ్బరు గ్లవుజులు, రక్షణ కళ్లజోడు పెట్టుకునే చేయాలి. సత్తుగిన్నె వాడనే కూడదు. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ తినడంలో హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది. స్టీలు గిన్నె తీసుకోమనండి. చేతి మీద పడితే నిమ్మకాయ, వెనిగర్ అంటూ వెతక్కుండా ధారగా నీళ్ల కింద పావుగంట ఉంచాలి. కంట్లో పడితే కడుగుతూ కడుగుతూనే ఆసుపత్రికి.

నూనెలో ఆ సోడా నీళ్లు పోసి తిప్పుతుంటే కాసేపటికి గరిటెజారు పిండిలా చిక్కబడుతుంది. అప్పుడు అచ్చులో పోస్తారు. మర్నాడు ముక్కలు కోస్తారు. ఆ తరవాతే కుర్రాళ్లకి ఓపిక ఉండదు. 4 నుంచి 6 వారాలు గాలికి ఆరాలి. మీవాడు రెండో విడతని ఎన్నాళ్లకి బయటికి తీశాడో మీరు రాయలేదు. వారానికే తీసి ఉంటాడని నా అనుమానం!

ఇప్పుడు వ్యాపారం మాట. ఇష్టం ఉంది కదా అని ఇప్పుడే షాపు బోర్డు రాయించకండి. ఒంటి సబ్బు మన దేశంలో కాస్మెటిక్ కింద లెక్క. అమ్మడానికి తయారుచేయాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు ఉండాలి, దానికి తగిన చోటు, అర్హత ఉన్న మనిషి కావాలి. చుట్టాలకి పంచడం వేరు, సంతలో పెట్టి అమ్మడం వేరు. తామర పోతుంది, తెల్లబడతారు అని లేబుల్ మీద రాశారంటే ఇంకా చిక్కు. పైగా అంగట్లో దొరికే సబ్బుతో ధరలో పోటీ పడలేం. వాళ్లు టన్నుల్లో పామాయిల్ కొని చేస్తారు. మీరు ఇంటి నూనెతో అరకిలో చేస్తారు. సొంత వ్యాపారం పెట్టుకునేవాళ్లకి కేంద్ర ప్రభుత్వ పథకం పీఎంఈజీపీ కింద ఇచ్చే రుణానికైనా 18 ఏళ్లు నిండాలి. ఆ తొందర ఇప్పుడు అక్కర్లేదు.

అయితే ఈ ఇష్టానికి చదువులో చోటుంది, అది మీ ఆయనకి చెప్పండి. సబ్బులు, డిటర్జెంట్లు, షాంపూలు, పెయింట్లు, మందులు, ఇవన్నీ కెమికల్ ఇంజినీర్ల మీద నడుస్తాయి. ఈఏపీసెట్ రాస్తే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో, విజయనగరంలో ఎంవీజీఆర్ కాలేజీలో కెమికల్ ఇంజినీరింగ్ ఉంది. నూనెలు, సబ్బుల మీదే ప్రత్యేకంగా బీటెక్ చదవాలంటే ముంబయిలో ఐసీటీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ), కాన్పూర్‌లో హెచ్‌బీటీయూ (హార్కోర్ట్ బట్లర్ టెక్నికల్ యూనివర్సిటీ) ఉన్నాయి. వాటికి జేఈఈ మెయిన్ మీద దృష్టి పెట్టాలి. ఇంజినీరింగ్ అసలే వద్దంటే బీఎస్సీ కెమిస్ట్రీ తీసుకోవచ్చు. రణస్థలం దగ్గర పైడిభీమవరం మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులకి ఆ డిగ్రీ వాళ్లు కావాలి. అదీ చిన్న ఉద్యోగమేమీ కాదు, పద్ధతి నేర్పుతుంది.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎవరికి నిజంగా ఇష్టముందో చూడ్డానికి నేను సబ్బు అడగను, నోటుపుస్తకం అడుగుతాను. ఏ రోజు, ఏ నూనె ఎంత, సోడా ఎంత, నీళ్లెంత, ఎప్పుడు చిక్కబడింది, ఎన్నాళ్లు ఆరింది, వాడినవాళ్లేమన్నారు, ఇవన్నీ రాస్తున్నాడా? రాస్తుంటే ఆదివారం పూట వసారా వదిలేయండి, పరీక్షలు అయ్యేదాకా ఆదివారం ఒక్కటే. 1 గ్రాము దాకా చూపించే చిన్న కాటా కూడా కొనిపెట్టండి. రాయకుండా గ్లాసుతో కొలిచి చేస్తుంటే అది వీడియో మోజు, రెండు నెలల్లో దిగిపోతుంది. మీరు తిట్టకపోతే ఇంకా తొందరగా దిగుతుంది.

చేతులు మండించిన ఆ సబ్బుల్ని పారేయించకండి. వాటిని తురిమి, కాస్త నీళ్లు పోసి, ఇంకొంత నువ్వులనూనె కలిపి సన్నని సెగ మీద మళ్లీ ఉడికిస్తే సరిచేయొచ్చు. ఎంత నూనె కలపాలో అతన్నే లెక్క వేయమనండి, 5 శాతం తగ్గింపు కూడా కలుపుకొని. నేను వేస్తే సుమారు 115 గ్రాములు వచ్చింది. మీరు ఈ సంఖ్య అతనికి చెప్పకండి. ఎవర్నీ అడగకుండా ఆ దగ్గర్లోకి వస్తే, ఆ కాగితం తీసుకెళ్లి వాళ్ల నాన్నకి చూపించండి.