ముందు ఏటీఎం కార్డు తీసుకో బిడ్డా

బిడ్డా,

నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

"కుట్టుపని మొదలుపెడతానంటే, వికలాంగుల పింఛన్ వస్తోంది కదా, ఇంట్లో కూర్చోమంటున్నారు మామా" అన్నావు. నెలకు 4,016 రూపాయలు తీసిపారేసే డబ్బేం కాదు. కానీ నీ ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది? మీ అన్న మంచోడే, కాదనను. అయినా మొన్న దసరాకు చీర కొనుక్కోవడానికి నీ డబ్బులే నువ్వు అడుక్కోవడం నేను చూశాను. కార్డు తీసుకుని పిన్ మార్చు. మెసేజ్‌లు నీ ఫోన్‌కు వచ్చేలా బ్యాంకులో నంబరు రాయించు. గొడవ పెట్టుకోకు, "లోనుకు కావాలని మామ అడిగాడు" అని నా మీద వెయ్యి.

ఇక కుట్టుపని. నేను హన్మకొండలో షాపు పెట్టినప్పుడు చుట్టాలంతా కలిసి మిషన్ కొనిచ్చారు. పోలియో కాలు వాడికి కాలితో తొక్కే మిషన్! ఒంటికాలితో వారం తొక్కేసరికి నడుము పట్టేసింది. మోటారు బిగించాకే రోజుకు నాలుగు జాకెట్లు కుట్టగలిగాను. నీకు ఎడమ కాలే ఆసరా కాబట్టి మోటారు పెడల్‌ను అటు జరిపించు, జారకుండా కింద పాత ట్యూబు ముక్క అంటించు. స్టూలు వద్దు, వీపు ఆనే కుర్చీ వేసుకో. మొదట చీరలకు ఫాల్, పీకో పట్టు. జాకెట్ కొలత తప్పితే గుడ్డ ఖరీదు మనమే కట్టాలి.

పెట్టుబడి దగ్గర నేను మోసపోయాను. డైలీ ఫైనాన్స్‌వాడు 10,000 అని రాసుకుని 8,500 చేతిలో పెట్టాడు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. వానకు షాపు తియ్యని రోజు కూడా ఇంటికొచ్చి కూర్చున్నాడు. నువ్వు అటు పోకు. సొంత పని పెట్టుకునేవాళ్లకు కేంద్రం పథకం కింద బ్యాంకు ఇచ్చే పీఎంఈజీపీ లోనులో వికలాంగులకు ఊళ్లో 35 శాతం, పట్నంలో 25 శాతం సబ్సిడీ ఉంది, మన వాటా 5 శాతమే. అయితే సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది, ఆ తర్వాతే లోనులో సర్దుతారు. కాబట్టి నెలవారీ కిస్తీ ఎంతో ముందే అడుగు.

అంత లోను భయమనిపిస్తే పొదుపు సంఘాలను చూసే మండల ఐకేపీ ఆఫీసులో వికలాంగుల సంఘం గురించి అడుగు. మామూలు మహిళా సంఘానికి పది మంది కావాలి, మనకు ఐదుగురు చాలు. మగవాళ్లూ ఉండొచ్చు. పొదుపు పుస్తకం మాత్రం నువ్వే రాయి. మా సంఘంలో అది వేరేవాళ్లకు అప్పజెప్పి ఏడాది లెక్క పోగొట్టుకున్నాం.

పింఛన్‌ను షాపు డబ్బుతో కలపకు. గిరాకీ లేని నెలలో బియ్యం, మందులు దాంతోనే గడవాలి. వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు యూడీఐడీ కార్డు జిరాక్సులు పది తీయించి పెట్టుకో. పని చేయిస్తానని వచ్చే బ్రోకర్‌కు ఒరిజినల్ ఇవ్వకు.

ఆదివారం పరకాల నుంచి పొద్దున బస్సెక్కు, ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. షాపు మెట్ల పక్కన నిరుడే రెయిలింగ్ పెట్టించాను, ఇబ్బంది ఉండదు. నా పాత పీకో మిషన్ మీద చెయ్యి తిప్పి చూద్దువుగాని. ఏటీఎం కార్డు తెచ్చుకో, ఇక్కడే పిన్ మార్చుదాం.

మీ మామ