యాభై దాటినా యాగర్ ఎందుకు ఆడాడు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో చెక్ ఐస్ హాకీ ఆటగాడు యారొమిర్ యాగర్ గురించి చిన్న బాక్స్ ఐటమ్ వేశాం. 1972 ఫిబ్రవరి 15న పుట్టాడు, అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్‌లో 1,733 మ్యాచ్‌ల్లో 1,921 పాయింట్లు తెచ్చుకున్నాడు, ఆ లీగ్ చరిత్రలో వేన్ గ్రెట్జ్‌కీ తర్వాత స్థానం ఇతనిదే, యాభై దాటాక కూడా సొంతూరి జట్టుకు ఆడాడు అని నాలుగు ముక్కలు రాసి వదిలేశాం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చాలా సంతోషంగా ఉంది. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

1,921 పాయింట్లంటే అన్నీ గోల్సేనా? ఒక మనిషి అన్ని కొట్టగలడా? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

కాదండీ. గోల్ కొట్టినవాడికి ఒక పాయింట్, దానికి ముందు పక్ అందించిన ఇద్దరి వరకూ ఒక్కొక్కరికి ఒక్కో పాయింట్ ఇస్తారు. యాగర్ లెక్క 766 గోల్స్, 1,155 అసిస్టులు, అంటే పక్ అందించి తెచ్చుకున్న పాయింట్లు. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల, బంతి కాదు.

అతని జెర్సీ మీద ఎప్పుడూ 68 ఎందుకు ఉంటుంది? లక్కీ నంబరా? (హన్మకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

లక్కుతో సంబంధమే లేదు తమ్ముడూ, అది 1968వ సంవత్సరం. యాగర్‌ది ప్రేగ్ నగరానికి దగ్గర్లో ఉన్న క్లాద్నో. ఒకప్పుడు బొగ్గు గనులు, పోల్డి ఉక్కు ఫ్యాక్టరీతో నడిచిన ఊరు. అతని తాత పేరు కూడా యారొమిర్ యాగరే, ఆ పక్కనే వ్యవసాయం చేసుకునే రైతు. 1948లో చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక పొలాలన్నీ సామూహిక క్షేత్రాల్లో కలిపేశారు. ఈ తాత తన పొలం పోయినా ఆ క్షేత్రంలో పని చేయనని మొండికేస్తే జైల్లో పెట్టారు. ఆయన చనిపోయింది 1968లో. అదే ఏడాది ఆగస్టులో, దేశంలో కాస్త స్వేచ్ఛ వస్తోందని జనం ఆశపడుతున్న టైంలో, సోవియట్ ట్యాంకులు ప్రేగ్ వీధుల్లోకి వచ్చేశాయి. మనవడు పుట్టింది ఆ తర్వాత నాలుగేళ్లకి. తాతని చూడలేదు, ఇంట్లో విన్న కథలే. స్కూల్లో చదివే రోజుల్లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఫొటో దగ్గర పెట్టుకుని తిరిగేవాడని యాగరే చెప్పాడు. ఆ కాలంలో అక్కడ ఒక పిల్లవాడు అలా తిరగడం ఎంత ప్రమాదమో ఊహించుకో.

చెక్‌లకి సోవియట్లతో హాకీ మ్యాచ్ అంటే అందుకే అంత పట్టుదల. 1969 మార్చిలో, అంటే ట్యాంకులు వచ్చి ఏడు నెలలు తిరిగేసరికి, స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సోవియట్ జట్టుని రెండుసార్లు ఓడించారు. రెండోసారి గెలిచిన రాత్రి ప్రేగ్ జనం వీధుల్లోకి వచ్చి సోవియట్ విమాన సంస్థ ఏరోఫ్లోట్ ఆఫీసు ధ్వంసం చేశారు. వాళ్లు కోపం చూపించుకోవడానికి మిగిలిన దారి ఆటే.

ఇంకొకటి, నువ్వు అడగలేదు కానీ దీనికి సంబంధించిందే. యాగర్ కంటే ముందు ఆ దేశం నుంచి అమెరికా వెళ్లి ఆడాలంటే దాదాపు పారిపోవడమే మార్గం. టెన్నిస్‌లో నవ్రతిలోవా 1975లో వెళ్లి తిరిగి రాలేదు. హాకీలో ష్టాస్ట్‌నీ అన్నదమ్ములు 1980లో, పెత్ర్ నెద్వెద్ 1989లో పదిహేడేళ్లకే అలాగే వెళ్లిపోయారు. ఇంటివాళ్లని మళ్లీ చూస్తారో లేదో తెలియకుండా వెళ్లినవాళ్లు వీళ్లంతా. 1989 నవంబరులో ప్రభుత్వం కూలింది, 1990 జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగింది. యాగర్ పారిపోకుండా, సొంత పాస్‌పోర్టుతో దర్జాగా ఆ కార్యక్రమానికి వెళ్లాడు, అయిదో ఆటగాడిగా పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ తీసుకుంది. ఒక్క ఏడాది ముందు పుట్టి ఉంటే అతని కథ వేరేగా ఉండేదేమో.

మేము పిట్స్‌బర్గ్‌లో ఉంటాం. పెన్ హిల్స్ వెంకటేశ్వర స్వామి గుడికి వచ్చే మన పిల్లలు కూడా 68 నంబరు జెర్సీ వేసుకుంటున్నారు. కానీ ఇక్కడి పాతవాళ్లు ఇదే యాగర్‌ని ఏళ్లపాటు గేలి చేశామని చెప్తారు. ఇంతకీ ఇష్టమా, కోపమా? (అమెరికా నుంచి ఒక పాఠకురాలు)

రెండూనూ. ఇష్టం ఎక్కువ కాబట్టే కోపం అంత కాలం ఉంది.

పద్దెనిమిదేళ్లకి ఇంగ్లిష్ రాకుండా మీ ఊరు వచ్చాడు. ఇంటి మీద బెంగతో మొదట్లో ఆట కూడా సరిగ్గా సాగలేదు. అది గమనించి పెంగ్విన్స్ వాళ్లు 1990 డిసెంబరులో కాల్గరీ నుంచి యిరీ హ్రదీనా అనే సీనియర్ చెక్ ఆటగాణ్ని ప్రత్యేకంగా తెచ్చుకున్నారు, కుర్రాడికి సొంత భాషలో మాట్లాడే మనిషి ఉండాలని. టీమ్ మేనేజ్‌మెంట్లు చేసే పనుల్లో నాకు బాగా నచ్చినది ఇది. ఆ సీజన్‌లోనే, 1991లో, లీగ్ విజేతకి ఇచ్చే స్టాన్లీ కప్ గెలిచారు, 1992లో మళ్లీ గెలిచారు.

1992 ఫైనల్ మొదటి మ్యాచ్ వీడియో దొరికితే తప్పకుండా చూడండి. షికాగో ఒక దశలో 4-1తో ముందుంది. పెంగ్విన్స్ రెండు గోల్స్ కొట్టి 4-3కి వచ్చారు, టైం అయిపోవస్తోంది. యాగర్ పక్కగోడ దగ్గర పక్ అందుకుని లోపలికి తిరిగాడు. ఒకడు అడ్డం వస్తే పక్‌ని స్టిక్ మీద అటు లాగాడు, రెండోవాడు వస్తే ఇటు, మూడోవాడు వచ్చేసరికి గోల్ కీపర్‌కి ఎదురుగా ఉన్నాడు. అంతా చెయ్యి చాస్తే అందేంత ఖాళీలో, నిలబడటమే కష్టమైన మంచు మీద జరిగింది. స్కోరు సమమైంది, చివరి క్షణాల్లో జట్టు కెప్టెన్ మారియో లెమ్యూ కొట్టి గెలిపించాడు. యాగర్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు.

తర్వాత 1999. క్లబ్ దివాలా పిటిషన్ వేసి ఉంది, ఊళ్లో జట్టు ఉంటుందో లేదో తెలియదు. ప్లేఆఫ్స్‌లో ఎదురుగా బలమైన న్యూజెర్సీ, సిరీస్‌లో వాళ్లే ముందున్నారు. యాగర్ గజ్జల్లో గాయంతో నాలుగు మ్యాచ్‌లు ఆడలేదు. ఆరో మ్యాచ్‌కి కుంటుతూనే దిగాడు. ఆఖరి నిమిషాల్లో గోల్ కొట్టి సమం చేసింది అతనే, ఓవర్‌టైమ్‌లో గెలిపించింది అతనే. ఏడో మ్యాచ్ కూడా గెలిచి ముందుకెళ్లారు. ఆ ఏడాదే లెమ్యూ యజమాని అయి క్లబ్‌ని నిలబెట్టాడు. ఆ గెలుపుతో వచ్చిన టికెట్ల డబ్బు ఆ టైంలో క్లబ్‌కి ఊపిరి పోసిందని మీ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, అడిగి చూడండి.

మరి కోపం ఎందుకంటే 2001లో డబ్బుల్లేక అతన్ని వాషింగ్టన్‌కి ఇచ్చేశారు. పదేళ్లకి, 2011లో, అతను రష్యా నుంచి తిరిగొస్తుంటే మళ్లీ పెంగ్విన్స్‌లోకే వస్తాడని అందరూ అనుకున్నారు. అతనేమో ఫిలడెల్ఫియాకి సంతకం పెట్టాడు! అదే రాష్ట్రంలోని ఊరు, ఆగర్భ శత్రువులు. ఆ డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో ఆడటానికి వస్తే పక్ తగిలిన ప్రతిసారీ గోల గోల చేశారు, అతను ఆ గోల మధ్యే ఒక గోల్ కొట్టాడు. 2024 ఫిబ్రవరి 18న పెంగ్విన్స్ 68 నంబరుని ఇక ఎవరికీ ఇవ్వకుండా శాశ్వతంగా పక్కన పెట్టి, ఆ బ్యానర్‌ని స్టేడియం పైకప్పుకి ఎత్తింది. అంతకుముందు ఆ గౌరవం దక్కింది మిషెల్ బ్రియేర్‌కి, లెమ్యూకి మాత్రమే. దాంతో ఆ కోపాలు చల్లారాయి.

యాగర్ చిన్నప్పుడు రోజుకు వెయ్యి బస్కీలు తీసేవాడని మా బాబు ఎక్కడో చూశాడు. తొమ్మిదేళ్లు వాడికి. స్కేటింగ్ క్లాస్‌కి వెళ్తాడు, ఇప్పుడు ఇంట్లో వెయ్యి తీస్తానని కూర్చున్నాడు. తియ్యనివ్వచ్చా? (విశాఖపట్నం నుంచి ఒక తల్లి)

వద్దమ్మా. వెయ్యి బస్కీల సంగతి యాగరే చాలాసార్లు చెప్పాడు, ఏడెనిమిదేళ్ల నుంచే మొదలుపెట్టానని. అతని ఆట మొత్తం ఆ తొడల మీద, నడుము మీద నిలబడిందన్నదీ నిజం. గోడ దగ్గర ప్రత్యర్థికి వీపు పెట్టి, పొడవాటి స్టిక్‌తో పక్‌ని దూరంగా పట్టుకుని నిలబడితే ఇద్దరు కలిసి తోసినా కదిలేవాడు కాదు. కానీ అదే పని చేసి మోకాళ్లు పాడుచేసుకున్న పిల్లల గురించి ఎవరూ ఇంటర్వ్యూలు తీసుకోరు. వాడి కోచ్‌ని అడగండి, వయసుకి తగ్గట్టు ఆయన చెప్పినన్ని తీయించండి, మోకాలు నొప్పి అంటే ఆపేయండి. బాబుకి చెప్పాల్సింది ఇంకొకటుంది. నలభై దాటాక కూడా యాగర్ మ్యాచ్ అయ్యాక, రాత్రి పొద్దుపోయాక, ఒంటికి బరువులు కట్టుకుని ఒక్కడే రింక్‌లో స్కేటింగ్ చేసేవాడు. వాడు కాపీ కొట్టాలంటే రోజూ క్లాస్‌కి మానకుండా వెళ్లే అలవాటు కాపీ కొట్టమనండి.

మధ్యలో రష్యా వెళ్లకుండా ఉంటే గ్రెట్జ్‌కీ రికార్డు కొట్టేవాడా? (రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు)

పాయింట్ల రికార్డు కొట్టేవాడు కాదు. గ్రెట్జ్‌కీవి 2,857, తేడా 936. యాగర్ పోగొట్టుకున్నవి 2004-05 సీజన్, యజమానులతో గొడవ వల్ల లీగే జరగలేదు, తర్వాత 2008 నుంచి రష్యాలో అవన్‌గార్డ్ ఓమ్స్క్‌కి ఆడిన మూడు సీజన్లు. మొత్తం నాలుగు. సీజన్‌కి వంద వేసుకున్నా నాలుగొందలే.

కానీ గోల్స్ లెక్క వేరు, ఇది మాత్రం నాకు బాధగా ఉంటుంది. గ్రెట్జ్‌కీ గోల్స్ 894, తేడా 128. నాలుగు సీజన్లకి పంచితే ఏడాదికి 32. 2005-06లో న్యూయార్క్ రేంజర్స్‌కి 54 కొట్టినవాడు, ఆ తర్వాత రెండేళ్లూ 30, 25 కొట్టినవాడు. పైగా 1994-95లో, 2012-13లో కూడా లీగ్ సగం దాకా జరగక 48 మ్యాచ్‌లతోనే సరిపెట్టారు. అంటే అందుకునేవాడని గట్టిగా చెప్పలేం కానీ దగ్గరికైతే వచ్చేవాడు. చివరికి ఆ రికార్డు 2025 ఏప్రిల్‌లో రష్యన్ ఒవెచ్కిన్ దాటేశాడు.

అంతా పొగడ్తలేనా? ఫెయిలైంది ఎక్కడా లేదా? (నెల్లూరు)

ఉంది. వాషింగ్టన్. ఏడేళ్లకి 7 కోట్ల 70 లక్షల డాలర్ల ఒప్పందం, అప్పటికి లీగ్‌లో అదే పెద్దది. అంతకుముందు సీజన్‌లో 121 పాయింట్లు తెచ్చినవాడు అక్కడ రెండేళ్లలో 79, 77 దగ్గర ఆగాడు. మొదటి ఏడాది జట్టు ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. 2004 జనవరిలో రేంజర్స్‌కి పంపేశారు. ఆ రెండున్నరేళ్లూ అతని ఆటలో మనసు కనపడదు, అభిమానిగా చూసినా కనపడదు.

యాభై దాటినవాడు జట్టులో చోటు పట్టుకుని కూర్చుంటే కుర్రాళ్ల సంగతేంటి? పైగా క్లబ్ ఓనరూ అతనేనట. ఓనర్ కాబట్టి ఆడాడు, అంతేగా? (కరీంనగర్ నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు)

మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనదే, క్లాద్నోలో కూడా కొందరు అడిగిందే. నాకు మాత్రం అతని కెరీర్ మొత్తంలో గొప్ప భాగం ఇదే అనిపిస్తుంది, ట్రోఫీలకంటే.

క్లాద్నో ఒకప్పుడు మామూలు జట్టు కాదు. 1975 నుంచి 1980 లోపు అయిదుసార్లు చెకోస్లొవేకియా చాంపియన్. తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం పోయాక ఉక్కు ఫ్యాక్టరీ చితికిపోయింది, ఊళ్లో డబ్బు లేకుండా పోయింది. అయినా ఆ చిన్న ఊరి నుంచి ప్లెకానెత్స్, వొరాచెక్, కాబెర్లె అన్నదమ్ములు లాంటివాళ్లు ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్తూనే ఉన్నారు. 2011లో యాగర్ క్లబ్ బాధ్యత తీసుకున్నాడు. 2014లో అతను న్యూజెర్సీకి ఆడుతుండగా ఇక్కడ క్లాద్నో పై లీగ్ నుంచి కిందికి పడిపోయింది. 2018 జనవరిలో కాల్గరీ నుంచి గాయంతో తిరిగొచ్చి రెండో డివిజన్‌లో ఆడటం మొదలుపెట్టాడు. అయిదుసార్లు ఎన్‌హెచ్‌ఎల్ టాప్ స్కోరర్, ఒలింపిక్ స్వర్ణం, రెండు ప్రపంచ టైటిళ్లు ఉన్నవాడు రెండో డివిజన్‌లో! 2019లో పైకి వెళ్లే పోరులో ఒక మ్యాచ్‌లో జట్టు గోల్స్ నాలుగూ అతనే కొట్టాడు, నలభై ఏడేళ్లకి. క్లాద్నో పైకెళ్లింది. 2020లో మళ్లీ పడింది, 2021లో మళ్లీ లేచింది.

తను ఆడకపోతే స్పాన్సర్లు ఉండరని అతను దాపరికం లేకుండా చెప్పాడు. జనం వచ్చేది, కంపెనీలు డబ్బు పెట్టేది 68 కనపడుతుందనే. కొన్ని మ్యాచ్‌లు ప్రేగ్‌లోని పెద్ద అరీనాకి మార్చినా టికెట్లు పోయేవి అతని పేరు మీదే. ఆ డబ్బుతోనే కుర్రాళ్ల జీతాలు, అకాడమీ పిల్లల మంచు రింక్ ఖర్చులు. హాకీలో ఒకసారి మంచు మీదికి దిగితే ఆడేది ముప్పావు నిమిషం, ఎప్పటికప్పుడు ఆటగాళ్లు మారతారు, ఒక మ్యాచ్‌కి జట్టులో దాదాపు ఇరవై మంది ఉంటారు. అతను ఆడింది తక్కువ నిమిషాలే, ఎదుటివాడికి పెనాల్టీ పడి తన జట్టుకి ఒక మనిషి ఎక్కువ ఉన్నప్పుడు ఎక్కువగా దిగేవాడు. వేగం ఎప్పుడో పోయింది, పక్ మీద చెయ్యి పోలేదు. ఒక్క కుర్రాడి చోటు పోయిందన్నది నిజమే, మీతో వాదించను. కానీ అతను కూర్చుని ఉంటే మిగతా చోట్లు ఉండేవా అన్నది చూడండి. 2024-25లో కూడా, యాభై మూడో ఏట, క్లాద్నో జెర్సీతో మంచు మీదికి దిగాడు.

1998 నాగానో ఒలింపిక్స్ గురించి, అక్కడ కెనడా అయిదు షూటౌట్ షాట్లనీ ఆపిన చెక్ గోల్ కీపర్ డొమినిక్ హాషెక్ గురించి చాలామంది అడిగారు. అది నాలుగు వాక్యాల్లో తేలేది కాదు, వచ్చే సంచికలో హాషెక్‌కే పేజీ ఇస్తున్నాం. ప్రశ్నలుంటే ఈలోగా పంపండి.