తప్పు మసకగా వెలిగే వరుసది కాదు

ప్రశ్న: మా ఇంట్లో మూడడుగుల చేపల తొట్టెలో నీటి మొక్కలు పెంచుతున్నాను. దాని కోసం అల్యూమినియం ఛానల్ మీద మూడు వాట్ల ఎల్‌ఈడీలు పన్నెండు బిగించి, సొంతంగా దీపం తయారు చేసుకున్నాను. వాటిలో పది తెల్లవి, రెండు ఎర్రవి. ఎల్‌ఈడీలకు కరెంటు అందించే పెట్టె, అంటే డ్రైవర్ మీద 600 మిల్లీయాంపియర్లు, 18–34 వోల్టులు అని రాసి ఉంది. మొదట పన్నెండింటినీ ఒకదాని తరువాత ఒకటిగా ఒకే సిరీస్‌లో కలిపితే దీపం మిణుకుమిణుకుమంది తప్ప నిలకడగా వెలగలేదు. అప్పుడు ఆరేసి ఎల్‌ఈడీలతో రెండు వరుసలు చేసి, ఆ రెండింటినీ సమాంతరంగా కలిపాను. ఇప్పుడు వెలుగుతోంది కానీ, ఎర్రవి రెండూ ఉన్న వరుస కళ్లు చెదిరేలా, ఆరూ తెల్లవే ఉన్న వరుస మసకగా వెలుగుతున్నాయి. మసక వరుసలోని ఎల్‌ఈడీలన్నిటినీ మార్చి చూసినా ఫలితం లేదు. పైగా దీపం వెలుగుతున్నప్పుడు ఛానల్‌ను తాకితే వేలికి జివ్వుమంటోంది. లోపం ఎక్కడ ఉంది?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: జివ్వుమనే సంగతి తేలేవరకు దీపం ప్లగ్ తీసి, ఛానల్‌ను తొట్టె మీద నుంచి దించి పొడి బల్ల మీద పెట్టండి. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

మసక వరుసలో అసలు ఏ దోషమూ లేదు, అందుకే ఎల్‌ఈడీలు మార్చినా ఫలితం కనిపించలేదు. తెల్ల ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు 3.2 వోల్టులు కావాలి, ఎర్రదానికి సుమారు 2.2 వోల్టులు చాలు. ఈ లెక్కన ఆరు తెల్లవి ఉన్న వరుసకు 19.2 వోల్టులు, నాలుగు తెల్లవి, రెండు ఎర్రవి ఉన్న వరుసకు 17.2 వోల్టులు అవసరమవుతాయి. రెండు వోల్టులే కదా అనిపించవచ్చు. కానీ ఎల్‌ఈడీ దగ్గర వోల్టేజీ కొద్దిగా పెరిగినా కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక ఆ తేడా చాలా పెద్దది. డ్రైవర్ స్థిరంగా ఉంచేది మొత్తం 600 మిల్లీయాంపియర్ల కరెంటును మాత్రమే, దాన్ని రెండు వరుసలకూ సమంగా పంచే బాధ్యత దానిది కాదు. ఒకే బోదె నుంచి రెండు మళ్లకు నీరు వదిలితే పల్లంలో ఉన్న మడే ముందు నిండినట్టు, తక్కువ వోల్టేజీతో పని జరిగే వరుసలోకే కరెంటులో ఎక్కువ భాగం పోతుంది. ఆ వరుస వేడెక్కినకొద్దీ దానికి కావలసిన వోల్టేజీ ఇంకా తగ్గుతుంది కనుక తేడా పెరుగుతుందే కానీ తగ్గదు. ఒకే పెట్టెలోంచి తీసిన ఒకే రంగు ఎల్‌ఈడీలతో చేసిన వరుసల మధ్య కూడా ఈ తేడా కొంత ఉంటుంది, మీ దీపంలో ఎర్రవి రెండూ ఒకే వైపు చేరడం వల్ల అది కంటికి కనిపించింది.

మొదటి ప్రయత్నం విఫలం కావడానికి కారణం వేరు. 600 మిల్లీయాంపియర్ల దగ్గర తెల్లదానికి 3.3, ఎర్రదానికి 2.3 వోల్టులు అనుకుంటే పన్నెండింటికీ కలిపి దాదాపు 37.6 వోల్టులు కావాలి, మీ డ్రైవర్ 34 దగ్గరే ఆగిపోతుంది. చాలినంత వోల్టేజీ ఇవ్వలేని డ్రైవర్ ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంటుంది కనుక దీపం మిణుకుమంది.

కాబట్టి కొత్త సామాను ఏదీ కొనకుండానే దీన్ని సరిచేయవచ్చు. రెండు తెల్ల ఎల్‌ఈడీలను తీసేసి, మిగిలిన ఎనిమిది తెల్లవి, రెండు ఎర్రవి ఒకే సిరీస్‌లో కలపండి. వాటికి సుమారు 31 వోల్టులు అవుతుంది, అది డ్రైవర్ పరిధిలోనే ఉంది. వింతగా తోచినా, రెండు ఎల్‌ఈడీలు తగ్గాక వెలుగు పెరుగుతుంది. ఇప్పుడు రెండు వరుసలూ కలిసి తీసుకుంటున్నది పదకొండు వాట్లకు అటూ ఇటూ మాత్రమే, పదింటి సిరీస్ దాదాపు 18.6 వాట్లు తీసుకుంటుంది. వేడి కూడా ఆ మేరకు పెరుగుతుంది కనుక ప్రతి ఎల్‌ఈడీ పలక కింద వేడిని ఛానల్‌కు చేరవేసే థర్మల్ పేస్టు పలుచగా ఉండాలి. అరగంట వెలిగించాక ప్లగ్ తీసి తాకి చూసినప్పుడు ఛానల్ మీద వేలు నిలవలేకపోతే ఇంకా వెడల్పాటి ఛానల్ కావాలి. పన్నెండూ ఉండాల్సిందేనని మీకు పట్టుదల ఉంటే, 37.6 వోల్టులు తన పరిధిలో సుఖంగా ఇమిడే మరో డ్రైవర్ కొనాలి. రెండు వరుసల పద్ధతిని మాత్రం నేను సమర్థించను. ఒక టంకం ఊడినా ఆ వరుస ఆరిపోయి, మొత్తం 600 మిల్లీయాంపియర్లూ రెండో వరుస మీద పడతాయి.

తీగలు మార్చి కలిపాక, ప్లగ్ పెట్టకముందే, మల్టీమీటర్‌ను బీప్ శబ్దం వచ్చే గుర్తు మీద ఉంచి ఒక్కొక్క టంకపు చుక్కకూ అల్యూమినియానికీ మధ్య పరీక్షించండి. ఎక్కడా బీప్ రాకూడదు. పలక అంచు దాటి పొంగిన టంకం ఛానల్‌ను తాకడం చేతిపనిలో తరచు జరిగే పొరపాటు. సిరీస్‌లో ఒక ఎల్‌ఈడీ లోపల తీగ తెగితే అన్నీ ఆరిపోతాయి. అన్నీ వెలుగుతూ ఒక్కటే ఆరి ఉంటే అది షార్ట్ అయిందని అర్థం. ఇంకొక మాట: డ్రైవర్‌కు కరెంటు ఇచ్చిన తరువాత ఎల్‌ఈడీల తీగను తగిలించవద్దు. అప్పటికే డ్రైవర్ కెపాసిటర్‌లో పేరుకున్న ఎక్కువ వోల్టేజీ ఒక్కసారిగా దిగి, మంచి ఎల్‌ఈడీని కూడా కాల్చేస్తుంది.

ఇక జివ్వుమనడం గురించి. చౌకగా దొరికే డ్రైవర్లలో కొన్నింటికి ఇంటి కరెంటుకూ ఎల్‌ఈడీల తీగలకూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ అడ్డు ఉండదు, అంటే అవి ఐసొలేటెడ్ రకం కావు. అటువంటిది నీటి మీద వాడకూడదు. ప్లగ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద ఉంచి, ప్లగ్ పిన్నుల్లో ఒక్కొక్కదానికీ ఎల్‌ఈడీల వైపు ఒక్కొక్క తీగకూ మధ్య రెండు దిక్కులా చూడండి. ఏ కొలతలో అంకె కనిపించినా ఆ డ్రైవర్‌ను పక్కన పెట్టండి. అంకె రాకపోయినంత మాత్రాన పూర్తి భరోసా కాదు, పెట్టె మీద ఐసొలేటెడ్ అని రాసి ఉన్నదే కొనండి. మంచి డ్రైవర్‌లో కూడా లోపలి చిన్న కెపాసిటర్ ద్వారా స్వల్పంగా కరెంటు కారుతుంది. ఛానల్‌కు ఎర్త్ లేకపోతే అదే వేలికి తెలుస్తుంది. మీ దీపానికి రెండు పిన్నుల ప్లగ్ ఉంటే దాన్ని మార్చి మూడు పిన్నులది పెట్టి, ఎర్త్ తీగను ఛానల్‌కు మరతో బిగించండి. బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరాను దానంతట అదే ఆపేసే స్విచ్చి, ఉండటం చేపల తొట్టె ఉన్న ఇంట్లో విలాసం కాదు, అవసరం. ఎర్త్ ఇచ్చాక ఆ స్విచ్చి పడిపోతే హీటర్, పంపు, దీపం ఒక్కొక్కటిగా తీసి చూస్తే దోషం దేనిదో తేలుతుంది.

ప్రశ్న: తొట్టె మూతకు 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ ఐదు మీటర్లు అంటించాను. చివరకు వచ్చేసరికి వెలుగు తగ్గుతోంది, 2 యాంపియర్ల ఎడాప్టర్ కాలిపోతుందేమో అన్నంత వేడెక్కుతోంది. స్ట్రిప్ నాసిరకమా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: స్ట్రిప్ చుట్ట మీద మీటరుకు ఎన్ని వాట్లో చూడండి. మీటరుకు 14.4 వాట్ల రకమైతే ఐదు మీటర్లకు 72 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 యాంపియర్లు. మీ ఎడాప్టర్ దానిలో మూడో వంతు ఇవ్వడానికే తయారైంది, 8 యాంపియర్లది కొనండి. స్ట్రిప్‌లోని రాగి పొర చాలా పలుచన కనుక దూరం పోయేకొద్దీ వోల్టేజీ తగ్గడం సహజం. ఎడాప్టర్ నుంచి కాస్త లావు తీగలతో స్ట్రిప్ రెండు చివరలకూ కరెంటు ఇస్తే వెలుగు దాదాపు సమమవుతుంది, ప్లస్, మైనస్ తారుమారు కాకుండా చూసుకోండి. కత్తిరించిన చోట రాగి మీద పచ్చగా చిలుము కనిపిస్తే అక్కడి వరకు కోసేసి, కొత్త టంకం వేసి, సిలికాన్‌తో మూసి, అది పూర్తిగా ఆరాకే మూతను తొట్టె మీద పెట్టండి.