సింధూ, అమ్మానాన్నల్ని బ్రంచ్‌కి తీసుకెళ్లే ముందు

సింధూ,

అట్లాంటా మిడ్‌టౌన్‌లో ఆ పెద్ద సదరన్ (అమెరికా దక్షిణాది వంటల) రెస్టారెంట్లో శనివారం బ్రంచ్‌కి టేబుల్ బుక్ చేశానన్నావు. ముందు దాన్ని ఆదివారానికి మార్చు. మీ నాన్నగారు శనివారం నీసు ముట్టరు. అంత ఖర్చు పెట్టి ఆయన ముందు పళ్లముక్కలు పెట్టిస్తావా? టైమ్ కూడా పదిన్నరకి అడుగు. పదకొండున్నర దాటితే చర్చిల నుంచి జనం తిన్నగా అక్కడికే వస్తారు, ఇక ప్లేటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. మీ అమ్మకి బీపీ మాత్ర ఉంది కదా, ఇంట్లోనే ఒక ఇడ్లీ తినిపించి బయల్దేరదీయి.

అసలు చెప్పాలనుకున్నది మీ అమ్మ తిండి సంగతే. అది మాంసం మానేసి పదేళ్లయింది. సదరన్ వంటలో ఆకుకూర అంటే ఒట్టి ఆకుకూర కాదమ్మా. నేనీ ఊరొచ్చిన కొత్తలో ఆఫీసువాళ్లతో వెళ్లి, మెనూలో కలార్డ్ గ్రీన్స్ చూసి, హమ్మయ్య, తోటకూర లాంటిదేదో దొరికిందని తెప్పించుకున్నాను. ముదురు పచ్చగా, మెత్తగా ఉడికి, గిన్నె అడుగున కాస్త రసం, పైన వెనిగర్ పులుపు. బాగానే తింటున్నాను. నాలుగోసారో ఐదోసారో ఫోర్కుకి గులాబీరంగు పీచు ఒకటి చిక్కింది. పొగబెట్టిన పందికాలు ముక్క వేసి గంటల తరబడి ఉడికిస్తేనే ఆ రుచట! కోడీ చేపా తప్ప ఇంకేదీ ఎరగని దాన్ని, మంచినీళ్లు తాగి కూర్చున్నాను. తప్పు వాళ్లది కాదులే, నేను అడగలేదు.

అందుకని 'వెజిటేరియన్' అని ఒక్కమాట అని ఊరుకోకు, విడివిడిగా అడుగు. గ్రిట్స్ (మొక్కజొన్న నూక జావ) నీళ్లతో ఉడికించారా, చికెన్ స్టాక్‌తోనా, అంటే కోడి ఉడికించిన రసంతోనా? బిస్కెట్‌లో వెన్నా, పంది కొవ్వా? (ఇక్కడి బిస్కెట్ టీలో ముంచుకునేది కాదని మీ నాన్నకి ముందే చెప్పు, పొరలుపొరలుగా మెత్తటి బన్నులా ఉంటుంది.) దానిమీద తెల్లగా, అమాయకంగా కనిపించే గ్రేవీలో పోర్క్ సాసేజ్ ఉంటుంది. బొబ్బర్లలో బేకన్ పడుతుంది. పచ్చి టమాటాకి మొక్కజొన్న పిండి పట్టించి వేయించేది మీ అమ్మకి తప్పకుండా నచ్చుతుంది, మన బజ్జీకి దూరపు చుట్టమే. కానీ అదే నూనెలో చికెన్ వేయించారేమో కనుక్కో. వెయిటర్ తెలీదంటే వంటగదిలో అడిగి రమ్మను, మొహమాటపడకు.

మీ నాన్నగారికి మాత్రం ష్రింప్ అండ్ గ్రిట్స్ చెప్పు. ఆ నూక జావే, వెన్నా చీజూ కలిపి చిక్కగా, దానిమీద రొయ్యలు. సోషల్ మాస్టారు కదా, కథ కూడా చెప్పు. సౌత్ కరోలినాలో చార్ల్‌స్టన్ వైపు తీరప్రాంతంలో అది జాలర్ల పొద్దుటి తిండి. నార్త్ కరోలినాలో బిల్ నీల్ అనే షెఫ్ తన రెస్టారెంట్లో వండితే, 1985లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. అక్కణ్ణుంచి పెద్ద హోటళ్లకెక్కింది. బెండకాయా బొబ్బర్లూ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో వచ్చిన పంటలు, ఈ వంట పెంచిన చేతులూ చాలావరకు వాళ్లవే. ఆ మాట చెప్పకుండా కథ ముగించకు. కారం చాలదంటారు ఎలాగూ, టబాస్కో సీసా అడిగి పక్కన పెట్టు.

ఇంకోటి. మిమోసా చూడ్డానికి అచ్చం ఆరెంజ్ జ్యూసే, కానీ సగం వైన్. మన జార్జియా రాష్ట్రంలో ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర దాకా మందు పోసేవారు కాదు. 2018లో చట్టం మార్చి, ఓటేసి ఒప్పుకున్న ఊళ్లలో పదకొండు నుంచే పోస్తున్నారు. మీ అమ్మ పక్కవాళ్ల గ్లాసు చూపించి 'నాకూ అదే' అంటుంది, కనిపెట్టుకుని ఉండు.

మెనూ నువ్వే చదివి చెప్పు, ధరలు కనబడితే ఇద్దరూ ఆకలి లేదంటారు. టిప్పు నూటికి ఇరవై. సర్వీస్ చార్జీ ముందే కలిపారేమో బిల్లు చూసుకుని మరీ ఇవ్వు.

అన్నీ పెద్ద ప్లేట్లే, మిగులుతాయి. బాక్సు అడగడానికి సిగ్గుపడకు. స్టాక్ లేని గ్రిట్స్ అయితే విడిగా కట్టించు, రాత్రికి మీ అమ్మ దానికి ఆవాలూ ఎండుమిర్చీ కరివేపాకూ తాలింపు పెట్టకపోతే నన్నడుగు.

మీ పెద్దమ్మ