స్కానర్ పనిచేయడం లేదు, షాపువాడు కొత్త తేదీతో బిల్లు ఇస్తానంటున్నాడు

ప్రశ్న: ఇంట్లోనే పాత దస్తావేజులు, ఫోటోలు స్కాన్ చేసి ఇస్తూ బతుకుతున్నాను. విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాక నా పదేళ్ల నాటి స్కానర్ దానికి పనిచేయలేదు. షాపులో అడిగితే కొత్త స్కానర్ ఇచ్చారు. అదీ పనిచేయలేదు. "డ్రైవర్ వస్తుంది సార్, కొంచెం ఓపిక పట్టండి" అంటూ 20 నెలలు తిప్పారు. పని పోయింది, అమ్మ రాసిన ఉత్తరాలు స్కాన్ చేసి చెల్లెళ్లకు పంపుదామన్న కోరికా తీరలేదు. పాత కంపెనీ, కొత్త కంపెనీ రెండింటి మీదా మానసిక వేదనకు కేసు వేయవచ్చా? షాపు యజమాని ఇప్పుడు ఈ నెల తేదీతో కొత్త బిల్లు రాసిస్తాను, వారంటీలో మార్చుకోండి అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరం తొమ్మిది పేజీలు. ఎనిమిది పేజీల నిండా మీ బాధే. కేసు మాత్రం చివర జతచేసిన ఒక స్క్రీన్‌షాట్‌లో ఉంది. దాని గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు.

అది స్కానర్ కొనే ముందురోజు రాత్రి మీరు షాపు వాట్సాప్ నంబరుకు పంపిన ఫోటో. ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లోని 'అబౌట్' పేజీ. సిస్టమ్ టైప్ అన్నచోట 64-బిట్ అనీ, ఏఆర్‌ఎం ఆధారిత ప్రాసెసర్ అనీ స్పష్టంగా కనబడుతోంది. కింద మీ మెసేజ్: "దీనికి పనిచేసే స్కానర్ కావాలి, ఏది తీసుకోవాలో మీరే చెప్పండి." షాపు జవాబు: "ఉంది సార్, రేపు రండి." పక్కన ఒక బొటనవేలు బొమ్మ.

ఆ ఏఆర్‌ఎం అన్న మాటే మీ కష్టానికి మూలం. మామూలు ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు భిన్నమైన రకం అది. మామూలు విండోస్ ప్రోగ్రాములను ఈ ల్యాప్‌టాప్‌లు ఎమ్యులేషన్ మీద, అంటే మామూలు ప్రాసెసర్‌ను అనుకరిస్తూ నడిపేస్తాయి, కానీ స్కానర్‌ను కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రామైన డ్రైవర్‌కు ఆ వెసులుబాటు లేదు. డ్రైవర్‌ను ప్రత్యేకంగా ఏఆర్‌ఎం కోసమే తయారు చేయాలి. విండోస్ 10కి రాసిన 64-బిట్ డ్రైవర్లు మామూలు విండోస్ 11 కంప్యూటర్‌లో చాలావరకు పనిచేస్తాయి. షాపువాడు ఆ ధీమాతోనే అన్నట్టున్నాడు. మీరు పంపిన ఫోటో సరిగ్గా చూడలేదు. అది అతని ఖర్మ, మీది కాదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం, సెక్షన్ 16: కొనేవాడు తన అవసరం ఏమిటో చెప్పి, అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ అవసరానికి పనికి రావాలన్నది ఒప్పందంలో భాగం. కాగితం మీద రాయకపోయినా సరే. అందులోనే ఒక మెలిక ఉంది. పేరు చెప్పి ఫలానా మోడలే ఇవ్వండని మీరే అడిగి ఉంటే ఈ రక్షణ దొరకదు. మీరు "ఏది తీసుకోవాలో మీరే చెప్పండి" అన్నారు. ఆ నాలుగు మాటల మీదే మీ కేసు నిలబడుతుంది.

అందుకే తయారీ కంపెనీ మీద ఆశ పెట్టుకోకండి. మీరు పంపిన డబ్బా ఫోటోను పెద్దది చేసి చూశాను. విండోస్ 11 పక్కన ఒక చుక్క, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఏఆర్‌ఎం కంప్యూటర్లకు పనిచేయదని ఉంది. కంపెనీ చెప్పాల్సింది చెప్పేసింది. మీ ప్రతివాది షాపు. ఇక పాత స్కానర్ సంగతి మరచిపోండి. పదేళ్ల కిందట అమ్మిన వస్తువుకు కొత్త కంప్యూటర్‌లో డ్రైవర్ రాయాలని ఎవరికీ ఒప్పందం లేదు.

ఇప్పుడు తిట్టాల్సిన చోటుకు వచ్చాను. 20 నెలలు ఏం చేశారు? వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. అవతలివాడు వస్తుంది, వస్తుంది అన్నంత మాత్రాన ఆ గడియారం ఆగదు. మీరు వారం వారం పంపిన "ఏమైంది సార్?" మెసేజ్‌లకూ ఆగదు. కొన్న తేదీ నుంచే లెక్క వేసుకోండి, అదే క్షేమం. నాలుగు నెలలే మిగిలాయి. గడువు దాటితే తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, నమ్మి ఊరుకున్నాను అన్నది వినియోగదారుల కమిషన్ ముందు నిలవడం కష్టం. పైగా, "ఈ వస్తువు నాకు వద్దు, డబ్బు తిరిగి ఇవ్వండి" అని మీరు ఒక్కసారైనా రాతపూర్వకంగా అనలేదు. ఇన్ని నెలలు ఉంచుకున్నారంటే ఒప్పుకున్నట్టేనని వాళ్ల లాయరు తప్పకుండా వాదిస్తాడు. డ్రైవర్ వస్తుందని వాళ్లు రాసిన మెసేజ్‌లే దానికి మీ జవాబు. గడువును పెంచని ఆ మెసేజ్‌లు ఈ వాదనకు మాత్రం పనికొస్తాయి.

కొత్త బిల్లు మాట. ముట్టుకోకండి. సాయం చేస్తున్నాడనుకుంటున్నారు. జరగని అమ్మకానికి బిల్లు పుట్టించి, దాంతో కంపెనీ నుంచి వారంటీ రాబట్టడం మోసం. అందులో మీరూ భాగస్థులు అవుతారు. ఆ కాగితాన్ని కమిషన్‌లో దాఖలు చేస్తే తప్పుడు సాక్ష్యం కూడా తోడవుతుంది. దొరక్కుండా పోతుందా? స్కానర్‌ను కొన్న రోజే సీరియల్ నంబరుతో కంపెనీ సైట్‌లో రిజిస్టర్ చేశానని మీరే రాశారు! ఇంకోటి గమనించండి. ఆ బిల్లు పుచ్చుకున్న మరుక్షణం మీ వాట్సాప్ స్క్రీన్‌షాట్ చచ్చిపోతుంది. ఎప్పుడో 20 నెలల కిందట అన్న మాటకూ ఈ నెల అమ్మకానికీ సంబంధం ఏమిటని అడుగుతారు. షాపువాడు అమాయకుడో తెలివైనవాడో గానీ, ఆ బిల్లుతో బయటపడేది అతనే.

సాక్ష్యాలు భద్రం చేయండి. పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నానని నాలుగో పేజీలో రాశారు. ఇవ్వకండి. అసలు సంభాషణ ఉన్నది దాంట్లోనే. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి వేరేచోట దాచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. 2024 జూలై 1కి ముందు 65బి అనేవాళ్లం. డబ్బా, అసలు బిల్లు, స్కానర్ అలాగే ఉంచండి. స్కానర్ తగిలించినప్పుడు వచ్చే ఎర్రర్‌ను తెర మీద తేదీ కనబడేలా వీడియో తీయండి. కంపెనీ డ్రైవర్ పేజీని చిరునామాతో సహా ప్రింట్ తీయండి. టెక్నీషియన్ ఎవరో డ్రైవర్ సిగ్నేచర్ (డ్రైవర్ అసలుదో కాదో విండోస్ చేసే తనిఖీ) ఆపేసి ఏదో సైట్ నుంచి డ్రైవర్ ఎక్కిస్తానన్నాడట. మామూలు కంప్యూటర్ డ్రైవర్ ఏఆర్‌ఎంలో ఎలా ఎక్కించినా పనిచేయదు. మీ ల్యాప్‌టాప్ భద్రత పోతుంది, అసలు పనిచేయకపోవడానికి కారణం మీరే చేసిన మార్పులని అనడానికి వాళ్లకు సందు దొరుకుతుంది.

వాళ్లు వేసే మొదటి అభ్యంతరం ఇదే: ఇది వ్యాపారానికి కొన్నది, నువ్వు వినియోగదారుడివి కావు. దానికి చట్టమే జవాబు ఇచ్చింది. స్వయం ఉపాధితో బతకడానికి తానే వాడుకునే వస్తువు కొన్నవాడు వినియోగదారుడే. ఫిర్యాదు మొదటి పేరాలోనే ఈ సంగతి రాయండి. ఇద్దరు ముగ్గురు పనివాళ్లను పెట్టుకుని ఉంటే మాత్రం ముందే చెప్పండి, అప్పుడు వాదన మారుతుంది.

ఈ వారంలోనే నోటీసు పంపండి. రెండు పేజీలు చాలు: వాట్సాప్ మాట, కొన్న తేదీ, పనిచేయకపోవడం, డబ్బు వాపసు, 15 రోజుల గడువు. అమ్మ ఉత్తరాల సంగతి అందులో వద్దు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఈలోపు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. స్పందన లేకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, షాపు ఉన్న ఊరికి పోనక్కర్లేదు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ధర, వడ్డీ, ఖర్చులు అడగండి. పోయిన పనికి నష్టం అడగాలంటే, ఎవరు ఏ పని వెనక్కి తీసుకున్నారో కాగితం ఉండాలి. మానసిక వేదనకు నాలుగు అంకెల మొత్తం రాయండి, లక్షలు రాస్తే మిగతా ఫిర్యాదు కూడా పలచబడుతుంది.

పని ఆగకూడదు కదా. మీ పాత స్కానర్ పాత విండోస్ 10 కంప్యూటర్‌లో ఇంకా నడుస్తోందన్నారు. దానితోనే కానివ్వండి. కానీ ఆ విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది, కాబట్టి ఇంటర్‌నెట్ తీసేసి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో మార్చుకోండి. కొత్తది కొనేటప్పుడు ఈఎస్‌సీఎల్ పద్ధతి ఉన్న నెట్‌వర్క్ స్కానర్ చూడండి. విండోస్ 11 దాన్ని నేరుగా గుర్తిస్తుంది, కంపెనీ డ్రైవర్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఈసారి ఆ ఏఆర్‌ఎం మాటను మీరే మెసేజ్‌లో టైప్ చేయండి, ఫోటోలో వదిలేయకండి. బొటనవేలు బొమ్మ చాలదు, "పనిచేస్తుంది" అన్న మాట రాయించుకున్నాకే డబ్బు కట్టండి.