ఊడితే ఎక్కడ పడుతుందో చూసి బిగించండి

ప్రశ్న: నమస్తే సార్. మాది విజయవాడ పటమట. వేరే రాష్ట్రంలో ఫ్లయింగ్ స్కూల్లో సెస్నా 172 అనే చిన్న విమానం మీద ట్రైనింగ్ అవుతున్నాను, ఇప్పుడు సెలవులకి ఇంటికొచ్చాను. క్రాస్ కంట్రీలు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దూరం ఎగిరేవి) మొదలవుతున్నాయని చిన్న పోర్టబుల్ జీపీఎస్ కొన్నాను, వాడుకోమని ఇన్‌స్ట్రక్టర్ గారు కూడా అన్నారు. దాన్ని అద్దానికి పెట్టే సక్షన్ హోల్డర్ ఆటోనగర్‌లో కార్ల సామాన్ల షాపులో 300 రూపాయలకే ఇస్తున్నారు. విమానాలకని ఆన్‌లైన్‌లో అమ్మేవి చాలా రేటు. అంత పెట్టాలా?
— ట్రైనీ పైలట్, విజయవాడ

జవాబు: రేటు సంగతి తర్వాత. సక్షన్ కప్పు అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది, చవకదైనా ఖరీదైనదైనా. కార్లో ఊడితే బండి పక్కకి ఆపి తీసుకుంటారు. విమానంలో, అదీ ఫైనల్లో, అంటే దిగడానికి రన్‌వేకి ఎదురుగా వస్తున్నప్పుడు ఊడి, కాళ్లతో నొక్కే రడ్డర్ పెడల్ కిందికి దొర్లిందనుకోండి, వంగి తీయడానికి వీలుండదు, పెడల్ నొక్కితే పూర్తిగా వెళ్తుందో లేదో తెలియదు. అందుకే ఊడుతుంది అనుకునే కొనండి, ఊడితే ఎక్కడ పడుతుందో చూసి చోటు ఎంచుకోండి. ఇంకో పని, జీపీఎస్‌కి ఒక తాడు కట్టి రెండో కొస కదలని చోట కట్టండి. తాడు పొట్టిగా ఉండాలి, పెడల్స్ దాకా అందకూడదు, యోక్‌కి (చేత్తో పట్టుకుని విమానం నడిపే స్టీరింగ్‌కి) చుట్టుకోకూడదు. పది రూపాయల తాడే కానీ నా లెక్కలో హోల్డర్ కంటే అదే ముఖ్యం.

172లో ఎక్కువమంది పెట్టేది విండ్‌షీల్డ్ ఎడమవైపు కింది మూలలో. నాకూ అదే నచ్చుతుంది, కాకపోతే వీలైనంత కిందికి ఉండాలి, ఫ్లేర్‌లో, అంటే చక్రాలు నేలకి తాకే ముందు ముక్కు లేచినప్పుడు మీ చూపు ఆ పక్క నుంచే వెళ్తుంది. పక్క కిటికీకి పెడితే రెండు ఇబ్బందులు: ఎడమ సర్క్యూట్‌లో (రన్‌వే చుట్టూ ఎడమకి తిరుగుతూ ఎగిరేటప్పుడు) రన్‌వే కనిపించేది ఆ కిటికీలోంచే, పైగా ఆ కిటికీ తెరుచుకునేది. మధ్యలో మాత్రం వద్దు, అక్కడ కంపాస్ ఉంటుంది. అయస్కాంతం ఉన్న హోల్డర్లు ఎంత బాగున్నా విమానంలోకి తేవద్దు. మామూలు హోల్డర్ అయినా, జీపీఎస్ ఆన్ చేసి దాన్ని పెట్టబోయే చోట పట్టుకుని, కంపాస్ కదులుతుందేమో ఒకసారి చూడండి. తర్వాత సీట్లో కూర్చుని యోక్‌ని చివరిదాకా లాగి, తోసి, రెండు పక్కలా పూర్తిగా తిప్పండి. హోల్డర్ గానీ, వైరు గానీ, తాడు గానీ ఎక్కడా తగలకూడదు. నేల మీద కొంచెం తగిలినా ఆ చోటు పనికిరాదు.

ఇక రేటు. ఆటోనగర్ షాపులో మీరు చూసినది పొడుగ్గా వంగే మెడ ఉన్నదైతే వదిలేయండి. ఇంజిన్ అదురుకి ఆ మెడ ఊగుతూనే ఉంటుంది, స్క్రీన్ మీద అంకె చదవలేరు, ఆ ఊపంతా కప్పు అంచు మీదే పడి మెల్లగా గాలి లోపలికి దూరుతుంది. కప్పుకి మీట తిప్పి బిగించే లాక్ ఉండి, బంతి కీలు ఉన్న పొట్టి చేయి ఉన్నది తీసుకోండి. ర్యామ్ కంపెనీవి అలాంటివే, అంగుళం బంతి ఉన్న సైజు మీ చిన్న జీపీఎస్‌కి సరిపోతుంది. విమానాలకే అని రాసి ఉండక్కర్లేదు, అదే రకం బైకులకీ పడవలకీ అమ్ముతారు. మీ జీపీఎస్ మోడల్‌కి సరిగ్గా పట్టే క్రేడిల్ (జీపీఎస్ కూర్చునే తొట్టి) మాత్రం చూసుకోండి.

విమానం అద్దం గాజు కాదు, యాక్రిలిక్. ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రే దాని మీద కొడితే సన్నని పగుళ్లు వస్తాయి, పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. శుభ్రమైన నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. కప్పుని ప్రతి ఫ్లైట్ ముందూ కొత్తగా పెట్టండి, దిగాక అంచు లేపి తీసేయండి, అంటుకుని ఉండగా మెలితిప్పి లాగొద్దు, ఎండలో అలాగే వదిలేయొద్దు. ఛార్జర్ సంగతీ చూడండి: 172ల్లో చాలావాటిది 28 వోల్టుల కరెంటు, 12 వోల్టులకే చేసిన కారు ఛార్జర్ దానికి పనికిరాదు. కొన్ని చవక ఛార్జర్లు రేడియోలో గరగర కూడా తెస్తాయి, రేడియోలో గరగరని అణిచే స్క్వెల్చ్ తీసి వింటే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడండీ. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి రబ్బరు కప్పు తనంతట తనే ఊడిపోతుందని ఎవరో చెప్పారు, అప్పటినుంచీ టెన్షన్‌గా ఉంది. నిజమేనా?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, చెప్పినవాళ్ల మాటలో నిజం ఉంది, కానీ సగమే. కప్పుని అద్దానికి అదిమిపట్టేది బయటి గాలి ఒత్తిడి. నేల దగ్గర అది చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో, 10,000 అడుగుల దగ్గర అందులో 70 శాతం దాకా ఉంటుంది. లోపల గాలే లేకుండా అంటిన కప్పుకి తగ్గేది ఆ 30 శాతమే. అరకొరగా అంటిన కప్పుకి మాత్రం దెబ్బ పెద్దది. అరకు ఘాట్ ఎక్కేటప్పుడు చిప్స్ ప్యాకెట్ ఉబ్బుతుంది చూడండి, కప్పులో మిగిలిన గాలి కూడా అలాగే బయటికి తోస్తుంది. సగం గాలి లోపలే ఉండిపోతే అంత ఎత్తులో, నేల మీద ఆ కప్పుకున్న పట్టులో 40 శాతం దాకా మిగులుతుంది. అయినా మూడు అంగుళాల కప్పుకి లెక్కేస్తే అది ఎనిమిది కిలోల పైమాటే, జీపీఎస్ బరువు ఏ పావు కిలోనో. ట్రైనింగ్‌లో ఎగిరేది ఎక్కువగా అంతకంటే కిందే. కాబట్టి ఎత్తుకి భయపడక్కర్లేదమ్మా. ఊడగొట్టేవి దుమ్ము, వంపు ఎక్కువున్న అద్దం, ఎండకి గట్టిపడిన పాత రబ్బరు. అద్దం, కప్పు రెండూ తుడిచి పెట్టమనండి, అంచు పగిలితే కొత్తది కొనమనండి.

ప్రశ్న: మా బావ అమెరికా నుంచి వస్తున్నారు. ఐప్యాడ్ తెమ్మనాలా, జీపీఎస్ తెమ్మనాలా? మౌంట్ (హోల్డర్) పెద్దది కావాలా?
— ట్రైనీ, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ రిసీవర్ ఉండదు, సెల్యులార్ మోడల్లోనే ఉంటుంది, ఇది తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. పైగా ఐప్యాడ్ వాడకానికి యాపిల్ చెప్పిన పరిమితి 35 డిగ్రీలు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఎండకి, అద్దం మీద సూటిగా ఎండ పడే చోట, అది వేడెక్కి ఆగిపోతుంది. పెద్ద సైజు ఐప్యాడ్‌ని విండ్‌షీల్డ్‌కి వేలాడదీయడం నాకు అస్సలు నచ్చదు, బరువూ ఎక్కువే, చూపుకీ అడ్డమే. దాన్ని తొడ మీద కట్టుకోండి. అద్దానికి పెట్టేదైతే చిన్న జీపీఎస్సే మేలు. ఏది వాడినా అది దారి సరిచూసుకోవడానికే, చార్టూ గడియారమూ పక్కన ఉండాల్సిందే.

బావగారికి ఒక మాట తప్పకుండా చెప్పండి. కొన్ని చేతి జీపీఎస్‌లలో శాటిలైట్ మెసేజ్ పంపే సదుపాయం ఉంటుంది, గార్మిన్ ఇన్‌రీచ్ అలాంటిదే. మన దేశంలో ముందస్తు అనుమతి లేకుండా అవి తేవడం నేరం, విమానాశ్రయాల్లో వాటితో దొరికి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. పెట్టె మీద ఇన్‌రీచ్, శాటిలైట్ మెసేజింగ్, ఎస్ఓఎస్ లాంటి మాటలు కనిపిస్తే ఆ మోడల్ వద్దనండి, మామూలు మ్యాప్ జీపీఎస్ తెమ్మనండి.