చెరువు గట్టున దొరికిన నల్లటి ఆల్చిప్ప ఏ జాతిది? ముందు కీలు చూడండి

చెరువు గట్టున దొరికిన ఆల్చిప్ప ఏ జాతిదని అడుగుతూ మీరు చెప్పిన గుర్తులు ఇవి: పొడవు 8 సెంటీమీటర్లు, బయట నలుపు కలిసిన గోధుమ రంగు, అంచు వెంట సన్నటి పసుపు చార, లోపల ముత్యంలాంటి మెరుపు. వీటిని బట్టి అది చాలావరకు లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అయి ఉండాలి. మన దేశపు చెరువుల్లో, కుంటల్లో, నెమ్మదిగా పారే కాలువల్లో బాగా కనిపించే మంచినీటి ఆల్చిప్ప ఇది. 1819లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లామార్క్ దీన్ని యూనియో అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) చేర్చి వర్ణించాడు. పాత పుస్తకాల్లో యూనియో మార్జినాలిస్ అని కనిపించేది కూడా ఇదే.

అయితే రంగు చూసి పేరు ఖాయం చేయకండి. పిల్ల చిప్పలు పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉండి, వయసు పెరిగేకొద్దీ నల్లబడతాయి. బురదలోని ఇనుము పట్టిందంటే పసుపు చార పూర్తిగా కప్పబడిపోతుంది. లోపలి ముత్యపు పొర నీలం కలిసిన తెలుపులోనూ ఉంటుంది, లేత గులాబీలోనూ ఉంటుంది. నమ్మదగ్గది కీలు దగ్గర, అంటే రెండు చిప్పలు కలిసే చోట, ఒకదానిలో ఒకటి ఇమిడే పళ్ల అమరిక.

చూసే ముందు పాత టూత్‌బ్రష్‌తో, మామూలు నీళ్లతో కడగండి. వెనిగర్, నిమ్మరసం వాడొద్దు. చిప్ప కాల్షియం కార్బొనేట్ కాబట్టి ఆమ్లానికి కరుగుతుంది, సన్నటి పళ్ల అంచులు ముందు పోతాయి. బ్లీచింగ్ ద్రావణం పైపొరను తినేస్తుంది. కడిగాక నీడలోనే ఆరబెట్టండి. ఎండలో పెడితే పైపొర చిట్లి పెచ్చులుగా లేస్తుంది.

ఇప్పుడు ఒక్క చిప్పను తీసుకోండి. లోపలి వైపు మీకు ఎదురుగా, ఉబ్బెత్తు భాగం, అంటే అంబో, పైకి ఉండేలా పట్టుకోండి. కీలు వెంబడి సన్నగా, పొడవుగా గట్లలా సాగే పళ్లు కనిపిస్తాయి. అవి ఎడమ వైపుకు సాగితే మీ చేతిలో ఉన్నది ఎడమ చిప్ప, కుడికి సాగితే కుడి చిప్ప. ఎడమ చిప్పలో ఆ గట్లు రెండు, మధ్యలో ఒక గాడి. కుడి చిప్పలో ఒకే గట్టు ఉంటుంది, మూసినప్పుడు అది సరిగ్గా ఆ గాడిలో కూర్చుంటుంది. ఇంతవరకు ఈ మంచినీటి ఆల్చిప్పల కుటుంబంలో చాలా వాటికి ఇదే అమరిక. లామెల్లిడెన్స్‌ను పట్టిచ్చేది అంబో కింద, ముందు వైపున (పొడుగు గట్లు సాగే దిక్కుకు ఎదురు వైపున) ఉండే పొట్టి పళ్లు. అవి దిమ్మల్లా ఉండవు. పలుచని రేకుల్లా, కీలు అంచుకు దాదాపు సమాంతరంగా పడుకుని ఉంటాయి. గోరు పెట్టి తడిమితే పదునైన అంచు తగులుతుంది. ప్రజాతి పేరులోని లామెల్లా అంటే రేకు అనే అర్థం.

ఆ పళ్లు మందంగా, గాడులు పడి, చీలినట్టు ఉంటే అది పార్రేసియా అనే మరో ప్రజాతి ఆల్చిప్ప. దాని చిప్ప పొట్టిగా, గుండ్రంగా, చేతికి బరువుగా ఉంటుంది. అంబో మీద వంకీల గీతలు ఉంటాయి. చిక్కేమిటంటే, వయసు మీరిన చిప్పల్లో అంబో అరిగిపోయి ఆ వంకీలు మిగలవు. అదే చోట దొరికే చిన్న చిప్పల మీద వెతకండి. కార్బికులా అనే మరో మంచినీటి చిప్పతో తికమక పడాల్సిన పనే లేదు: అది చిన్నది, ముక్కోణం ఆకారం, బయట వరస గట్లు, లోపల ముత్యపు పొర ఉండదు, అంబోకు రెండు పక్కలా పొడుగు పళ్లుంటాయి.

అసలు కష్టం అదే ప్రజాతిలోని ఇంకో జాతి, లామెల్లిడెన్స్ కోరియానస్‌తో. దీని పళ్లూ రేకుల్లాంటివే. ఇది ఇంకా సన్నగా సాగినట్టు ఉండి, పై అంచు, కింది అంచు దాదాపు సమాంతరంగా పోతాయి. మార్జినాలిస్‌లో కింది అంచు వంపు తిరిగి, చిప్ప కోలగా కనిపిస్తుంది. వెర్నియర్ కాలిపర్‌తో పొడవు, ఎత్తు (పై అంచు నుంచి కింది అంచు వరకు) కొలిచి ఎత్తును పొడవుతో భాగించండి; సన్నగా సాగిన చిప్పకు ఆ విలువ తక్కువ వస్తుంది. ఒక్క చిప్పతో తేల్చకండి, ఒకే చోటివి కనీసం పది కొలవండి, ఎందుకంటే ఆకారం నేలను బట్టి, నీటి వేగాన్ని బట్టి మారుతుంది. అప్పటికీ తేలకపోతే లామెల్లిడెన్స్ అని ప్రజాతి వరకే రాసి ఆపడం మంచిది. తప్పు జాతి పేరు కన్నా అదే పనికొస్తుంది.

చిప్ప మీది వలయాలను లెక్కపెట్టి వయసు చెప్పే అలవాటు చాలామందికి ఉంది. నీరు ఎండినా, వరద వచ్చినా ఎదుగుదల ఆగి గీత పడుతుంది కాబట్టి మన చెరువుల్లో ఆ లెక్క నిలవదు.

బతికున్న ఆల్చిప్ప దొరికితే దయచేసి కత్తితో తెరవకండి. మూసే కండరం తెగిందంటే అది బతకదు. కీలు చూడడానికి గట్టున పడి ఉన్న ఖాళీ చిప్పలు చాలు. బతికున్నదాన్ని బయటి నుంచే కొలిచి, తీసిన చోటనే, ముందు కొన బురదలోకి ఉండేలా తిరిగి పెట్టండి. నీళ్లు పీల్చి వదిలే రంధ్రాలు వెనక కొన దగ్గర ఉంటాయి, అవి బురద పైకే ఉండాలి.

ఫొటోలు పెడితే స్కేలు పక్కన ఉంచి నాలుగు తీయండి: బయటి వైపు, లోపలి వైపు, పైనుంచి అంబో, ఇక పళ్లను దగ్గరగా. వెలుతురు పక్క నుంచి పడనివ్వండి. ఎదురుగా ఫ్లాష్ పడితే ముత్యపు పొర మెరుపులో రేకు పళ్లు కనబడవు.